కథల పోటీ: న్యాయనిర్ణేతల పేర్లు ముందే చెప్పాలా, వద్దా?

గాజువాక టీచర్:
మన విశాఖ నుంచి వచ్చే పత్రిక ఈ ఏడాది కథల, కవితల పోటీ ప్రకటించింది, చూసే ఉంటారు. హామీ పత్రం జతచేయాలి, యూనికోడ్‌లో పంపాలి, రచన మీద పేరు ఉండకూడదు. ఇవన్నీ న్యాయమే. చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. "న్యాయనిర్ణేతల పేర్లు ఫలితాలతో పాటు ప్రకటిస్తాం. వారిదే తుది నిర్ణయం" అని ఉంది. నా పేరు వాళ్లకు తెలియకూడదు, సరే. వాళ్ల పేర్లు నాకెందుకు తెలియకూడదు? మన ఉత్తరాంధ్ర మాట తెలిసినవాళ్లో కాదో తెలిస్తే, పంపాలో వద్దో నేను తేల్చుకుంటాను.

పాతపోస్టాఫీసు:
టీచర్ గారూ, పేర్లు ముందే తెలిస్తే ఏమవుతుందో నేను పడ్డాను. రెండేళ్ల కిందట ఇదే పోటీకి కథల విభాగంలో ముగ్గురు న్యాయనిర్ణేతల్లో ఒకణ్ణి. ఎలాగో సంగతి బయటికి పొక్కింది. ఇక పొద్దున్నే కాఫీ తాగకముందే ఫోన్లు. "మాస్టారూ, మా తోడల్లుడు రాశాడు, పడవ మునిగే కథ, చూడగానే తెలిసిపోతుంది" అని ఒకాయన. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గర ఒకావిడ నా చేతిలో స్వీట్ల పొట్లం పెట్టి, నేను మాట్లాడేలోపే వెళ్లిపోయింది. లోపల చీటీ, చీటీ మీద కథ పేరు. ఆ కథ మంచిదో కాదో ఇప్పటికీ చెప్పలేను. ఆ చీటీ చూశాక దాన్ని మామూలుగా చదవడం నావల్ల కాలేదు. నష్టం ఆ రచయితకే కదా. అందుకే పేర్లు దాచాలి అంటాను.

సీతమ్మధార:
అసలు పోటీలే దండగ. మంచి కథకు బహుమతితో పనేంటి?

మద్దిలపాలెం కుర్రాడు:
పని ఉంది సార్. పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'కు 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చిందని వినే నేను ఆ కథ వెతుక్కుని చదివాను.

గాజువాక టీచర్:
మాస్టారూ, పొట్లం ఇచ్చినావిడ తప్పుకి నేను చీకట్లో ఉండాలా? ఫోన్ చేయించినవాళ్ల రచన పక్కన పెట్టేస్తాం అని నిబంధన రాయండి, చాలు.

నా సంగతి చెప్తాను. రెండేళ్ల కిందట నేనూ పంపాను, తిరుగు కవరు పెట్టి మరీ. కథ వెనక్కి వచ్చింది. 'గెడ్డ' అన్న మాట చుట్టూ ఎర్ర సిరాతో సున్నా, పక్కన "గడ్డ?" అని. ఏడు చోట్ల ఏడు సున్నాలు. "గుంట పాట ఎత్తుకుంది" అని రాసిన చోట, "గుంట పాడటమేమిటి?" అని. మాకు గెడ్డ అంటే వాగు, గుంట అంటే ఆడపిల్ల అని ఆ రాసినవాళ్లకు తెలియదు. మేఘాద్రి గెడ్డ నీళ్లు తాగే ఊళ్లో గెడ్డ అచ్చుతప్పు అయిపోయింది.

పాతపోస్టాఫీసు:
నేను ఫోన్ల గురించి మాట్లాడుతుంటే మీరు గెడ్డ గురించి మాట్లాడుతున్నారు. నా ప్రశ్న ఒక్కటే. పేర్లు ముందే చెప్తే రికమండేషన్లు ఆగుతాయా, ఆగవా?

భీమిలి రోడ్డు:
గుంటూరువాళ్లకూ అర్థం కావాలి కదండీ. అడుగున అర్థాలు ఇచ్చేస్తే గొడవే ఉండదు.

మద్దిలపాలెం కుర్రాడు:
రావిశాస్త్రి గారు ఈ ఊళ్లో ప్లీడరీ చేస్తూ ఇక్కడి మనుషుల మాటే రాశారు. తెలుగువాళ్లంతా చదివారు.

పాతపోస్టాఫీసు:
ఆయన పేరు ఎత్తితే సరిపోదు బాబూ. ఆయన యాస వెనకాల వాక్యం మీద పట్టు ఉంది. యాస రాసినంత మాత్రాన కథ అయిపోదు. టీచర్ గారూ, కటువుగా ఉన్నా చెప్తున్నాను. బహుమతి రానివాళ్లంతా జడ్జీలనే అనుమానిస్తే రేపు ఆ పనికి ఎవరూ ఒప్పుకోరు.

గాజువాక టీచర్:
అంటే బహుమతి రాలేదని ఏడుస్తున్నాననా?

అవి మా అమ్మ మాటలు మాస్టారూ. ఆసుపత్రి మంచం మీద, మనిషిని పోల్చుకోలేని స్థితిలో, "గెడ్డ దాటించీ, సీకటడిపోతంది" అంది. ఆ మాట కోసమే ఆ కథ రాశాను. దాని చుట్టూ కూడా ఎర్ర సున్నా ఉంది. రెండేళ్ల కిందట ఆ ముగ్గురిలో ఉన్నానని మీరే చెప్పారు. ఆ సున్నా గీసింది మీరేనా? సూటిగా చెప్పండి.

నిర్వాహకుడు:
వ్యక్తిగతంగా వెళ్లొద్దు, దయచేసి.

పాతపోస్టాఫీసు:
రాత్రంతా నిద్ర పట్టలేదు. జవాబు చెప్తాను.

ఆ సున్నా నాది కాదమ్మా. నాది చోడవరం దగ్గర పల్లె. గెడ్డలోనే ఈత నేర్చుకున్నాను. మీ కథ నా దాకా రానేలేదు. మా ముగ్గురికీ పంపింది 12 కథలు. మొత్తం 140 పైన వచ్చాయని బహుమతుల సభలో చెప్తే విన్నాను. మిగతావి ఎవరు వడపోశారో నేను అడగలేదు. ఫలితాల పేజీలో "వచ్చిన రచనలన్నీ పరిశీలించి" అని వేశారు. దాని కింద నా పేరు ఉంది. అది చూసి కూడా ఊరుకున్నాను.

మద్దిలపాలెం కుర్రాడు:
అసలు సంగతి ఇదీ! 12 చదివినవాళ్ల పేర్లు ముందా వెనకా అని మనం ఇక్కడ కొట్టుకుంటున్నాం. 130 పక్కన పెట్టిన చెయ్యి ఎవరిదో ముందూ చెప్పరు, వెనకా చెప్పరు.

గాజువాక టీచర్:
మీరు కాదన్నందుకు మనసు కొంచెం కుదుటపడింది. కానీ కోపం పోలేదు. చదవనివాటికి మీ పేరెందుకు ఇచ్చారు?

పాతపోస్టాఫీసు:
శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లు. 140 కథలు చదవలేను. మాకు ఇచ్చేది శాలువా, జ్ఞాపిక. వడపోత లేకుండా ఏ పోటీ నడవదు, ఆ మాట మీద ఇప్పటికీ ఉన్నాను.

గాజువాక టీచర్:
వడపోత వద్దనడం లేదు. మన మాట తెలిసినవాళ్లు ఒక్కరైనా అందులో ఉండాలి, వాళ్ల పేరు అచ్చవ్వాలి అంటున్నాను. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం కమిటీలో ఎక్కువమంది గ్రాంథికం వైపు ఉంటే, గురజాడ గారు ఒప్పుకోకుండా అంత పెద్ద అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. మీరు ఒక్క ఫోన్ చేసి "అన్నీ నేను చదవలేదు, ఆ వాక్యం మార్చండి" అనలేకపోయారా?

భీమిలి రోడ్డు:
కవితల విభాగంలోనూ ఇంతేనా?

పాతపోస్టాఫీసు:
కవితల సంగతి నాకు తెలియదు.

అనగలిగేవాణ్ణమ్మా. అనలేదు. అవకాశం ఉంటే ఆ కథ నాకు పంపండి, చదువుతాను.

గాజువాక టీచర్:
మీకు విడిగా పంపను మాస్టారూ. అది ఇంకెక్కడా అచ్చవలేదు, ఈ ఏడాది పోటీకే పంపుతున్నాను. అడుగున అర్థాలు ఇవ్వను. వడపోత ఎవరు చేస్తారో పత్రికవాళ్లను మీరు అడగండి. నేనడిగితే ఎవరు నువ్వు అంటారు.

పాతపోస్టాఫీసు:
సోమవారం ఆఫీసు తెరవగానే ఫోన్ చేస్తాను. వాళ్లేమన్నారో ఇక్కడే రాస్తాను.