సైన్యం వెళ్లాక మరమ్మతు సిబ్బందిని ఉంచుకోనిచ్చిన ఒప్పందం ఏదైనా ఉందా?

అఫ్గానిస్థాన్ నుంచి అమెరికా సేనల ఉపసంహరణ మీద రాస్తున్న నోట్ ఒకచోట ఆగిపోయింది. అమెరికా, తాలిబన్ల మధ్య 2020 ఫిబ్రవరి 29న కుదిరిన దోహా ఒప్పందం 14 నెలల గడువు పెట్టింది. సైనికులే కాదు, శిక్షకులు, సహాయక సిబ్బంది కూడా ఆలోపే వెళ్లాలి. అసలు చిక్కు అదే. అఫ్గాన్ వైమానిక దళపు బ్లాక్ హాక్ హెలికాప్టర్ల మరమ్మతు చాలావరకు విదేశీ కాంట్రాక్టర్లదే. వాళ్లు పోయాక చాలా హెలికాప్టర్లు నేలకు పరిమితమయ్యాయి, దూరపు చెక్‌పోస్టులకు మందుగుండు అందలేదు.

వీడియో కాల్‌లో మరమ్మతు నేర్పడం, విమానాలను బయటి దేశానికి పంపి బాగుచేయించడం రెండూ పరిశీలించాను. యుద్ధ వేగానికి చాలవు. సోవియట్ సేన 1989 ఫిబ్రవరి 15న వెళ్లినా సాయం ఆగలేదు, అఫ్గాన్ అధ్యక్షుడు నజీబుల్లా 1992 ఏప్రిల్ దాకా అధికారంలో నిలిచాడు. కానీ అక్కడ ఇలాంటి షరతే లేదు కాబట్టి ఆ పోలిక పనికిరాలేదు.

సేనల గడువు నుంచి మరమ్మతు సిబ్బందిని మినహాయిస్తూ, ప్రత్యర్థి పక్షం కూడా సంతకం చేసిన ఒప్పందం మీకు తెలిసినది ఏది?