పక్కింటివాళ్లు వదిలేసిన పిల్లిని ఇంట్లోకి తెచ్చాను, మూడు రోజులైనా మంచం కింద నుంచి రావట్లేదు

కొత్తగా_పిల్లి

నమస్తే అందరికీ. నాకు బుద్ధి తెలిశాక పిల్లిని పెంచింది లేదు, పెంచుతానని అనుకున్నదీ లేదు. పక్కింట్లో అద్దెకుండేవాళ్లు ఇల్లు ఖాళీ చేసి పోతూ వాళ్ల పిల్లిని వదిలేసి పోయారు. మొదట్లో అది ఆ ఇంటి మెట్ల మీదే కూర్చుని, ఎవరో ఒకరు తలుపు తీస్తారని అటే చూస్తూ ఉండేది. తర్వాత మా గుమ్మం దగ్గరికి రావడం మొదలుపెట్టింది. నెలన్నర నుంచి గుర్తొచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పెడుతున్నాను కానీ చేతికి దొరికేది కాదు. మొన్న జోరువానలో తడిసి వణికిపోతుంటే చూడలేక టవల్ కప్పి ఎత్తుకుని లోపలికి తెచ్చేశాను. ఆ హడావుడిలో ముంజేతి మీద గోరుతో గీరింది, కాస్త రక్తం వచ్చింది, పెద్దదేం కాదు.

దాని పరిస్థితి ఇదీ. వీపు మీద చెయ్యి వేస్తే ఎముకలు లెక్కపెట్టొచ్చు, పొట్ట మాత్రం గుండ్రంగా ఉంది. చెవుల్లో నల్లటి పొడి. కుడి కంట్లోంచి నీరు. తోక మొదట్లోనూ కడుపు కిందా బొచ్చు జడలు కట్టి అట్టలా గట్టిపడిపోయింది. మొదటి రోజు జాలేసి గిన్నె నిండా పెడితే ఊపిరి కూడా తీసుకోకుండా తినేసి, పది నిమిషాల్లో మొత్తం కక్కేసింది. బలం వస్తుందని పాలు పోశాను, లూజ్ మోషన్స్ పట్టుకున్నాయి. ఇప్పుడు మంచం కింద మూలకి చేరింది, నేను వంగి చూస్తే బుస్సుమంటుంది. రాత్రి మేం పడుకున్నాక వచ్చి తిని వెళ్తోంది, గిన్నె ఖాళీ అవుతోంది కాబట్టి తెలుస్తోంది.

నాకు తెలియాల్సినవి: స్నానం చేయించాలా? బొచ్చులో చిన్న పురుగులు గెంతుతున్నాయి, కుక్కను పెంచే స్నేహితుడి దగ్గర వాటి మందు ఉందట, అది వేసేయొచ్చా? మా వదినకి ఐదో నెల, పిల్లి ఉంటే కడుపులో బిడ్డకి ప్రమాదమని అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది, అది నిజమేనా? అసలు ఇది నాకు ఎప్పటికైనా మచ్చిక అవుతుందా?

మూడు_తోకలు

మిగతావన్నీ తర్వాత, ముందు మీ చేతి గీత సంగతి చూడండి. "పెద్దదేం కాదు" అని మీరు ఒక్క ముక్కలో దాటేశారు కానీ నాకు పోస్టు మొత్తంలో భయం వేసింది అక్కడే. టీకాలు వేయించారో లేదో తెలియని జంతువు గీరి రక్తం వస్తే రేబిస్ ఇంజెక్షన్ల గురించి అదే రోజు డాక్టర్ని అడగాలి. గీరిన వెంటనే సబ్బుతో, పారే నీళ్ల కింద పావుగంట కడగాలి. మీరు కడిగారో లేదో చెప్పలేదు. కడగకపోతే ఇప్పుడైనా కడగండి, మూడు రోజులు అయిపోయింది కదా ఇంకెందుకు అనుకోకుండా ఇవాళే వెళ్లండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేసేదేం ఉండదు, అంతకుముందు వేయించుకుంటే ఇంజెక్షన్లు ఆపగలవు. పిల్లి బాగానే తింటోందిగా అని కూడా ఆగొద్దు. పది రోజుల పాటు దాన్ని గమనించమంటారు, అది ఇంజెక్షన్లతో పాటు చేసే పని, వాటికి బదులు కాదు.

రెండోది, ఆ కుక్కల మందు జోలికి పోకండి. కుక్కల మీద వేసే చాలా మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లికి విషం. వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. కుక్కకి పనిచేసింది కదా, సగం వేద్దాం అనుకుని పోగొట్టుకున్నవాళ్లని నేనే చూశాను. అలాగే ఒళ్లు వేడిగా అనిపించిందని మనం వాడే పారాసెటమాల్ ముక్క వేయకండి, ఒక్క మాత్ర చాలు పిల్లిని చంపడానికి. అసలు పిల్లి ఒంటి వేడి మామూలుగానే 38 నుంచి 39 డిగ్రీల దాకా ఉంటుంది, మన చేతికి వెచ్చగానే తగులుతుంది.

స్నానం వద్దు. ఎముకల గూడుగా ఉన్నదానికి ఒంట్లో వేడి నిలబడదు, పైగా ఇప్పుడిప్పుడే మిమ్మల్ని నమ్మాలా వద్దా అని చూస్తున్న ప్రాణిని తీసుకెళ్లి నీళ్లలో ముంచితే ఇంకేం నమ్ముతుంది. జడలు కట్టిన బొచ్చుని కత్తెరతో కత్తిరించే ప్రయత్నం కూడా చేయొద్దు. పిల్లి చర్మం పలుచన, లాగితే బొచ్చుతో పాటు పైకి లేస్తుంది, మనకి కనపడకుండానే తెగుతుంది. నేను మొదటి పిల్లికి చేసిన ఘనకార్యం అదే, నాలుగు కుట్లు పడ్డాయి. డాక్టర్ దగ్గర ట్రిమ్మర్‌తో తీయించండి.

మంచం కింద ఉండటం గురించి బాధపడకండి, నిజానికి అది మంచిదే. ఒక అట్టపెట్టెకి రెండు వైపులా కంతలు చేసి, లోపల ఆ రోజు కప్పిన టవల్ వేసి, మంచం దగ్గరే పెట్టండి. టవల్ ఉతకొద్దు, దాని వాసన దానికి ధైర్యం. తిండి ఒక మూల, లిట్టర్ బాక్స్ (మలమూత్రాలకి పెట్టే ఇసుక పెట్టె) ఇంకో మూల, రెండూ పక్కపక్కన పెడితే పిల్లులకి గిట్టదు. ఇల్లంతా తిరగనివ్వకుండా ప్రస్తుతానికి ఆ ఒక్క గది చాలు. వంగి చూడటం మానేయండి. రోజూ ఒకే వేళకి వెళ్లి నేల మీద కూర్చుని ఫోన్ చూసుకోండి, పుస్తకం పైకి చదువుకోండి, దాన్ని మాత్రం పట్టించుకోకండి. కళ్లు కలిస్తే గుచ్చి చూడకుండా మెల్లగా రెప్పలు వాల్చి తెరవండి. నవ్వుతారేమో గానీ 2020లో ఇంగ్లండ్‌లోని సస్సెక్స్ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని పరీక్షించి చూశారు, అలా రెప్పలు వాల్చిన మనిషి దగ్గరికి పిల్లులు ఎక్కువగా వచ్చాయి.

గట్టుమీద

ఇంత హంగామా అవసరమా? పిల్లి అన్నాక ఎలకో పిట్టో పట్టుకుని తన బతుకు తను బతుకుతుంది. తలుపు తీసి వదిలేయండి, ఉంటే ఉంటుంది పోతే పోతుంది. మా చిన్నప్పుడు పిల్లికి ఎవరు డాక్టర్‌ని చూపించారు?

మూడు_తోకలు

గట్టుమీద గారూ, వేటాడే బుద్ధి పుట్టుకతో ఉన్నా అందులో చెయ్యి తిరగాలంటే నేర్చుకోవాలి, చాలావరకు తల్లే నేర్పుతుంది. గిన్నెలో తిని పెరిగినదాన్ని నడి వయసులో రోడ్డు మీద వదిలేస్తే ఎలా ఉంటుందో ఆయన పోస్టులోనే ఉంది, వెన్నెముక లెక్కపెట్టేలా ఉంది. చిన్నప్పుడు మనింటికి వచ్చిన పిల్లులు ఎన్నేళ్లు బతికాయో మనలో ఎవరైనా లెక్కపెట్టామా?

మందులసంచి

పశువైద్యురాలిని. పైన చెప్పినవాటిలో తప్పులేం లేవు, రేబిస్ విషయం మరీ ముఖ్యం. కొన్ని కలుపుతాను.

తిండి విషయంలో ఆత్రం వద్దు. బాగా మాడిన ఒంటికి ఒక్కసారిగా ఎక్కువ తిండి పడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం లాంటివి చటుక్కున పడిపోతాయి, కడుపు నిండిన తర్వాతే జంతువు కూలిపోతుంది. ఆకలితో చావనిది అన్నం తిని చచ్చిందంటే ఎవరూ నమ్మరు కానీ జరుగుతుంది. మీరు నెలన్నరగా అంతో ఇంతో పెడుతూనే ఉన్నారు కాబట్టి దీనికి ఆ ప్రమాదం తక్కువే. అయినా రోజుకి ఐదారు సార్లు, రెండు మూడు చెంచాల చొప్పున మొదలుపెట్టి వారం రోజుల్లో మెల్లగా పెంచండి. పాలు ఆపేయండి. పెద్ద పిల్లులు చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, మీరు చూసిన విరేచనాలకి అది ఒక కారణం కావచ్చు. తాగడానికి నీళ్లు చాలు. పెట్టేది పిల్లుల కోసం తయారైన తిండి అయితే మేలు. వాటికి టారిన్ అనే పదార్థం తిండి నుంచే రావాలి, అది కరువైతే గుండె కండరం దెబ్బతింటుంది, చూపు పోతుంది. కుక్కల తిండి పెట్టి నెట్టుకురావడం అందుకే కుదరదు. ఉల్లి, వెల్లుల్లి పడిన మన కూరలు అసలు వద్దు, ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి.

ఇంకో వైపు ప్రమాదం కూడా ఉంది. పిల్లి వరసగా ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే నాకు ఫోన్ చేయాల్సిన సమయం వచ్చినట్టే. రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయానికి చేరి అది పనిచేయడం మానేయొచ్చు. "భయం పోయాక అదే తింటుందిలే" అని వారం ఆగినవాళ్లు పసుపు పచ్చగా మారిన పిల్లిని తీసుకొస్తారు. అందుకే రాత్రి గిన్నెలో ఎంత పెట్టారు, పొద్దున ఎంత మిగిలింది రాసిపెట్టుకోండి. లిట్టర్‌లో మూత్రం గడ్డలు ఎన్నో కూడా. మగదైతే ఇది మరీ ముఖ్యం, మూత్రానికి కూర్చుని ముక్కుతూ ఏమీ రాకపోతే తెల్లారేదాకా ఆగే కేసు కాదు.

చెవుల్లో కాఫీ పొడిలాంటిది బహుశా చెవి పురుగుల పని. ఇయర్ బడ్స్‌తో తవ్వకండి, లోపలికి నెడతారు. బక్క ఒంటికి గుండ్రటి పొట్ట అంటే నులిపురుగులు కావచ్చు, ఆడదైతే కడుపుతో ఉండొచ్చు, ఇంకేదైనా కూడా కావచ్చు, చూడకుండా చెప్పలేను. గెంతే పురుగులు ఉన్నాయన్నారు కదా, ఒళ్లు నాక్కునేటప్పుడు వాటిని మింగితే బద్దె పురుగు వస్తుంది, తోక కింద ఎండిన బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తాయేమో చూడండి. డాక్టర్ దగ్గర ఎఫ్‌ఐవీ, ఎఫ్‌ఈఎల్‌వీ అని పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే రెండు వైరస్‌ల పరీక్షలు అడగండి, అవి మనుషులకి అంటుకునేవి కావు, ఇంట్లో వేరే పిల్లులకే ప్రమాదం. యజమాని ఎవరో కనిపెట్టడానికి చర్మం కింద పెట్టే మైక్రోచిప్ మెడ దగ్గర ఉందేమో కూడా స్కాన్ చేయమనండి. వదిలేసి పోయారని మీరు అనుకుంటున్నారు, నిజమే కావచ్చు, ఒక్కోసారి ఇల్లు మారే గొడవలో తప్పిపోయి వెతుక్కుంటున్నవాళ్లూ ఉంటారు.

మీ వదిన గారి విషయం. అమ్మ గారి భయం ఉత్తిది కాదు, అలాగని పిల్లిని బయట పడేయాల్సినంతా లేదు. టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లి మలంలో వస్తుంది, కానీ సాధారణంగా పిల్లికి అది మొదటిసారి సోకినప్పుడు కొద్ది వారాల పాటే. బయటపడ్డాక అంటుకునే స్థితికి రావడానికి దానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. కాబట్టి లిట్టర్ రోజూ తీసేయాలి, ఆ పని ఆవిడ చేయకూడదు, మీరు చేయాలి. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు, చేతులకి అంటిన మట్టి ద్వారా కూడా ఇది వస్తుంది, వాటి గురించీ అంతే జాగ్రత్త. ఆవిడ డాక్టర్‌కి ఒక మాట చెప్పి ఉంచండి.

కొత్తగా_పిల్లి

అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రమే వెళ్లి మొదటి ఇంజెక్షన్ వేయించుకున్నాను, రక్తం వచ్చిందన్నందుకు గీత చుట్టూ ఇంకోటి కూడా ఇచ్చారు. కడగలేదు, గుడ్డతో తుడిచి ఊరుకున్నానని చెప్తే అక్కడి డాక్టర్ కూడా బాగానే తిట్టారు.

పిల్లి సంగతి. బుట్టలోకి ఎక్కించడమే ఒక యుద్ధం, నేను కాలు కాలిన పిల్లిలా గదంతా తిరిగాను, అసలు పిల్లి మాత్రం కదల్లేదు. చివరికి బుట్టనే మంచం కిందకి తోసి లోపల తిండి పెట్టి గంటసేపు బయట కూర్చుంటే అదే ఎక్కింది. బరువు 2.4 కిలోలు. ఆడది. కడుపుతో లేదు, నులిపురుగులే. చిప్ లేదు. ఆ రెండు పరీక్షల్లోనూ ఏమీ లేదన్నారు. చెవులకీ కంటికీ చుక్కలు ఇచ్చారు, మెడ వెనక వేసే మందు పిల్లులదే ఇచ్చారు. నోరు తెరిచి చూస్తే పైకోర ఒకటి విరిగి ఉంది, చిగుళ్లు ఎర్రగా వాచాయి. గట్టి గింజల దగ్గరికి ఆశగా వచ్చి ఒక్కటి కొరికి వెనక్కి పరిగెత్తడం నేను చూశాను, రుచి నచ్చలేదేమో అనుకున్నాను. కాస్త కోలుకున్నాక ఆ పన్ను తీసేస్తారట, అప్పటిదాకా మెత్తటి తిండే.

ఇంకోటి. కడుపు కింద అట్టకట్టిన బొచ్చు తీసేస్తే సన్నగా పాత కుట్టు మచ్చ బయటపడింది, పిల్లలు పుట్టకుండా ఎప్పుడో ఆపరేషన్ చేయించారట. అంటే ఒకప్పుడు దీన్ని బుట్టలో పెట్టుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లి, కుట్లు ఆరేదాకా చూసుకున్న మనిషి ఉన్నారన్నమాట. ఆ మచ్చ చూశాక పాత యజమానుల మీద కోపం పెరగాలో తగ్గాలో అర్థం కాలేదు.

ఒక్క డౌట్ మిగిలింది. రాత్రి రెండు మూడింటికి తలుపు దగ్గర కూర్చుని అరుస్తోంది. వెళ్లి తీయాలా వద్దా?

మూడు_తోకలు

తీయకండి, వెళ్లకండి కూడా, ఒక్కసారి వెళ్లారంటే అరిస్తే వస్తారని నేర్చుకుంటుంది. పడుకునే ముందు తాడు చివర ఏదైనా కట్టి పావుగంట ఆడించి, ఆఖరి విడత తిండి అప్పుడు పెట్టండి. ఆడదేగా, మూత్రం సరిగా పోస్తోందని తెలిస్తే అరుపుకి భయపడక్కర్లేదు. ఇల్లు కొత్త కదా, మూడు నెలలైనా పట్టొచ్చు.

కొత్తగా_పిల్లి

తొమ్మిదో రోజు. నేల మీద కూర్చుని పేపర్ పైకి చదువుతుంటే వచ్చి నా చెప్పు మీద తల పెట్టి పడుకుంది. కాలు తిమ్మిరెక్కి చచ్చింది, అయినా కదల్లేదు. వదిన గుమ్మం దగ్గర్నుంచి ఫోటో తీసింది. అమ్మ మాత్రం ఇంకా దాన్ని "ఆ పిల్లి" అనే అంటోంది, పొద్దున మాత్రం గిన్నె కడిగి పెట్టింది తనే.