ప్లగ్గులు మార్చేటప్పుడు కాయిల్స్ కూడా మార్చేయాలా?

కడప కారు: నాది పెట్రోల్ కారు, 90 వేల కిలోమీటర్లు తిరిగింది. స్పార్క్ ప్లగ్గుకు హై వోల్టేజ్ ఇచ్చే కాయిల్, ప్లగ్గుకొకటి ఉండే ఇంజన్. సిగ్నల్ దగ్గర ఆగితే వణుకుతోంది, చెక్ ఇంజన్ లైటు వెలిగింది. స్కానర్ పెడితే పీ0302, అంటే రెండో సిలిండర్ మిస్‌ఫైర్. అందులో పెట్రోలు సరిగా మండట్లేదన్నమాట. ప్లగ్గులతో పాటు నాలుగు కాయిల్సూ మార్చాల్సిందే అంటున్నాడు మెకానిక్. నిజమేనా?

బండల ఊరోడు: వద్దన్నా, డబ్బు దండగ. రెండో కాయిల్ తీసి మూడో దాంట్లో పెట్టు, మూడోది రెండో దాంట్లో. కోడ్ 0303కి మారితే కాయిల్ పోయినట్టు. 0302 దగ్గరే ఉంటే ప్లగ్గో, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరో చూడాలి. నా బండికి 10 నంబర్ స్పానర్‌తో పది నిమిషాల పని.

ఘాట్ బాధితుడు: చెప్పడం సులువే. నా కాయిల్ పొద్దున చల్లగా ఉన్నప్పుడు బ్రహ్మాండంగా పనిచేసేది, వేడెక్కితేనే మొరాయించేది. ఇంటి ముందు మార్చి చూస్తే ఏమీ దొరకలేదు. చివరికి గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే చచ్చింది. వెనకాల లారీల హారన్లు, కార్లో పిల్లలు. పాలకోవా తింటూ టోయింగ్ బండి కోసం మూడు గంటలు కూర్చున్నాం. ఆ తర్వాత నాలుగూ మార్చేశాను. నా మనశ్శాంతి నాది.

బండల ఊరోడు: మనశ్శాంతికి నాలుగు కాయిల్సా! సకాలంలో ప్లగ్గులు మార్చకపోవడమే అసలు తప్పు. అరిగిన ప్లగ్గులో గ్యాప్ పెరుగుతుంది, నిప్పురవ్వ దూకాలంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి, ఆ భారం కాయిల్ మీద పడుతుంది. ఇంకొకటి. మా దగ్గర పాలిష్ బండల దుమ్ము ప్లగ్గు గుంటల్లో మైదాపిండిలా పేరుకుంటుంది. కాయిల్ తీశాక గాలి కొట్టకుండా ప్లగ్గు విప్పితే అదంతా సిలిండర్‌లోకే. ఇంజన్ చల్లారాకే విప్పు, అల్యూమినియం హెడ్డు మరలు వేడిలో ఊడొస్తాయి. కొత్త ప్లగ్గు ముందు చేత్తోనే తిప్పు, స్పానర్ తర్వాత.

ఘాట్ బాధితుడు: అది ఒప్పుకుంటా. కానీ మిస్‌ఫైర్‌తోనే తిప్పుతుంటే కాలని పెట్రోలు, పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. అప్పుడు చూడు బిల్లు!

కడప కారు: ఈరోజు విప్పాను. రెండో గుంటలో అరంగుళం ఆయిల్! కాయిల్ కింది రబ్బరు ఉబ్బి మెత్తబడింది. వాల్వ్ కవర్ గ్యాస్కెట్, అంటే ఇంజన్ పైమూత సీలు, కారుతోంది. గ్యాస్కెట్, ఆ రబ్బరు, నాలుగు ప్లగ్గులు మార్చాం. పాత కాయిలే పెట్టాం, వణుకు పోయింది. కొత్తవి పెట్టుంటే అవీ ఆయిల్లోనే నానేవి.

ఘాట్ బాధితుడు: సరే, సంతోషం. అయినా డిక్కీలో ఒక స్పేర్ కాయిల్ పెట్టుకో అబ్బీ.