కళ్ల కదలికల చికిత్సలో చనిపోయినవారు కనిపిస్తే దాన్ని ఆధ్యాత్మికం అనవచ్చా?

సాగరతీరం:
మానసిక గాయాలకు చేసే ఇఎండిఆర్ చికిత్సలో, చికిత్సకులు తమ వేళ్లను ఎడమకూ కుడికీ కదుపుతుంటే, మనం ఆ భయంకర జ్ఞాపకాన్ని మనసులో నిలుపుకొని చూపుతో వాటిని అనుసరిస్తాం. ఫ్రాన్సిన్ షపీరో 1987లో దీనికి బీజం వేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో దీన్ని సిఫారసు చేసింది. అయితే 1995లో అలన్ బాట్కిన్ అనే మనస్తత్వవేత్త అమెరికాలో మాజీ సైనికులకు దీన్ని కొంత మార్చి వాడినప్పుడు, చనిపోయినవారు తమకు కనిపించారని కొందరు చెప్పారు. ఆయన దాన్నే ఒక ప్రత్యేక పద్ధతిగా రూపొందించారు. ఇటువంటి అనుభవాన్ని చికిత్సలో ఆధ్యాత్మిక భాగంగా గుర్తించాలా?

అరుణగిరి:
తప్పకుండా గుర్తించాలి. హఠయోగ ప్రదీపిక చెప్పిన షట్కర్మల్లో, అంటే ఆరు శుద్ధి క్రియల్లో, చూపుతో చేసే త్రాటకం ఉంది. చూపుకూ మనసుకూ ఉన్న సంబంధాన్ని మన యోగులు ఏనాడో గ్రహించారు. పతంజలి చెప్పిన సంస్కారాలంటే, లోపల ముద్రపడి మనకు తెలియకుండానే మనల్ని నడిపించే అనుభవాలే కదా? గాయాన్ని తలచుకుంటూనే, ఇప్పుడు ఈ గదిలో క్షేమంగా ఉన్నానన్న ఎరుకను వదలవద్దని ఈ చికిత్స కోరుతుంది. అది సాక్షిభావం కాక మరేమిటి?

నిదర్శనం:
అరుణగిరి గారూ, త్రాటకంలో చూపు కదలదు. ఒక చిన్న గురిని కన్నీళ్లు వచ్చేదాకా నిశ్చలంగా చూడమని ఆ గ్రంథమే చెబుతోంది. ఇక్కడ చూపు నిలిస్తే చికిత్సే లేదు. పైగా కదలిక వల్ల అదనపు మేలు ఉందా అన్నదే వివాదం: 2001లో డేవిడ్సన్, పార్కర్ అప్పటి అధ్యయనాలను కలిపి చూసి లేదన్నారు, 2013లో లీ, కైపర్స్ అదే పని చేసి ఉందన్నారు. ఉందనుకున్నా, జ్ఞాపకాన్ని పట్టి ఉంచడమూ వేళ్లను వెంబడించడమూ ఒకేసారి మనసు మీద భారం వేయడం వల్ల ఆ దృశ్యం స్పష్టతనూ తీవ్రతనూ కోల్పోతుందన్న వివరణ ఉంది. ఇందులో ఆత్మ ప్రసక్తి ఎక్కడుంది?

పాలపిట్ట:
అరచేతుల మీద మార్చి మార్చి తట్టి కూడా ఈ చికిత్స చేస్తారు. అప్పుడు త్రాటకం వాదన ఏమవుతుంది?

అరుణగిరి:
త్రాటకాన్ని పక్కన పెట్టండి. మా నాన్నగారు 2021 మే నెలలో కోవిడ్‌తో ఆసుపత్రిలో పోయారు. ముఖం చూడనివ్వలేదు, పెద్దకొడుకునై ఉండి తలకొరివి పెట్టలేకపోయాను. తర్వాత ఈ చికిత్సకు వెళ్లినప్పుడు, ఒకరోజు ఆయన ఎదుట నిలబడి ‘నీ తప్పు లేదురా’ అన్నారు. ఆ మాట చెప్పగానే కౌన్సెలర్ అది మెదడు కల్పన అనీ, దానికి ప్రాధాన్యం ఇవ్వవద్దనీ అన్నారు. నాకు దొరికిన ఒక్క ఊరటను ఆమె ఒక్క వాక్యంతో లాగేసుకున్నారు. మీ అధ్యయనాలు దీనికేం చెబుతాయి?

నిదర్శనం:
మీ దుఃఖాన్ని నేను తక్కువ చేయను. దాన్ని అందరికీ నియమం చేయవద్దంటున్నాను. మా అన్నయ్య బావిలో పడి పోయినప్పుడు, ఆయన ఆత్మకు శాంతి లేదనీ ఇంటి చుట్టూ తిరుగుతోందనీ ఒకాయన మా అమ్మకు చెప్పాడు. శాంతులకూ హోమాలకూ ఆమె ఒంటి మీది బంగారమంతా పోయింది. నిద్ర మాత్రం రాలేదు, ఎందుకంటే కొడుకు రాత్రంతా ఆకలితో బయట ఉన్నాడని నమ్మింది. చనిపోయినవారు వచ్చి మాట్లాడతారని చికిత్సకులే ఒప్పుకుంటే, వచ్చినవారు నిందించిన రోజున రోగి గతేమిటి? మీ నాన్నగారు ‘నువ్వే నన్ను వదిలేశావు’ అని ఉంటే, దాన్నీ ఆయన మాటగానే స్వీకరించేవారా?

అరుణగిరి:
ఆ ప్రశ్న అడగడానికి మీకు మనసెలా వచ్చింది?

నిదర్శనం:
మా అమ్మ ఆ ప్రశ్నతోనే బతికింది కనుక అడిగాను.

తుంగభద్ర:
నేను ఈ చికిత్స చేస్తాను. మీ తగవు ఆత్మ గురించి కాదనీ, మనిషి చూసినదానికి అర్థం చెప్పే అధికారం ఎవరిదన్న దాని గురించనీ నాకనిపిస్తోంది. ఈ చికిత్సకున్న ఎనిమిది దశల్లో ఎక్కడా ఆ అధికారం చికిత్సకులకు లేదు. ప్రతి విడత కదలికల తర్వాత ఇప్పుడేం గమనిస్తున్నారని అడుగుతాం, ఏం చెప్పినా దానితోనే కొనసాగమంటాం. కలవరాన్ని 0 నుంచి 10 వరకు, తమ గురించి తాము నిలుపుకోవాలనుకునే కొత్త నమ్మకం బలాన్ని 1 నుంచి 7 వరకు రోగే కొలుచుకుంటారు. ఆ దృశ్యం ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చనక్కర్లేదు. అరుణగిరి గారి కౌన్సెలర్ దాన్ని కొట్టిపారేసి ఎంత హద్దు దాటారో, నాన్నగారే వచ్చారని ధ్రువీకరించినా అంతే దాటేవారు. నిందించే దృశ్యాలు కూడా వస్తాయి. అక్కడ వదిలేయం, కదలికలు కొనసాగిస్తాం, మనిషి చిక్కుకుపోతే ‘బతికుండగా ఆయన మీతో ఇలా మాట్లాడేవారా’ వంటి ఒక ప్రశ్న వేస్తాం. బాట్కిన్ పద్ధతి మీద నా అభ్యంతరం కూడా ఇదే: అక్కడ ఆ దర్శనమే లక్ష్యం. అది కలగనివారు, తమవారు తమ దగ్గరికి రాలేదని మరో బాధతో ఇంటికి వెళ్లవచ్చు.

నిదర్శనం:
అంటే ‘ఆధ్యాత్మిక భాగం’ అని మీరు మీ పత్రంలో రాయరు. నాకు అంతే కావాలి.

అరుణగిరి:
రాయనక్కర్లేదు. కానీ మొదటి దశలో మనిషి చరిత్ర తెలుసుకునేటప్పుడు, మీ ఇంట్లో చావును ఎలా చూస్తారు, కర్మకాండ జరిగిందా, చేయలేక మిగిలిపోయినదేమిటి అని అడగండి. నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే తలకొరివి మాట నా నోట మొదటి రోజే వచ్చేది.

నిదర్శనం:
అడగండి, తప్పులేదు. మిగిలిపోయిన కర్మ జరిపించుకోమని చికిత్సకులే చెప్పడం మొదలైతే మాత్రం మా ఇంట్లో జరిగినదే ప్రతి ఇంట్లోనూ జరుగుతుంది. దాన్ని నేను ఒప్పుకోను.

తుంగభద్ర:
చేయమని చెప్పం. ఆయన చేస్తానంటే వద్దనీ అనం.

నిదర్శనం:
వద్దనాల్సిన సందర్భాలు ఉంటాయి. మా అమ్మ బంగారం తీసినప్పుడు ఎవరో ఒకరు వద్దని ఉండాల్సింది.