హెలికాప్టర్ వీడియోకి ఎన్‌డీ ఫిల్టర్ కొనాలా, ఎడిటింగ్‌లో మోషన్ బ్లర్ కలిపితే చాలదా?

ఎంవీపీ మొబైల్‌వాలా:
ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలు ఫోన్‌తో తీసిన పాత క్లిప్పులు చూస్తున్నా. హెలికాప్టర్ రెక్కలు తిరుగుతున్నట్టే లేవు, బొమ్మకి అతికించినట్టున్నాయి. ఎండలో ఫోన్ తనంతట తానే షట్టర్ తెరిచుండే సమయాన్ని సెకనులో 1/3000 వంతుకి తీసుకెళ్లిపోతోంది. ఎన్‌డీ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టి వెలుతురు తగ్గించే నల్లద్దం) కొనమని ఒకరు, సాఫ్ట్‌వేర్‌లో మోషన్ బ్లర్ (కదలికకి వచ్చే మసక) కలుపుకోమని ఒకరు. మీరేమంటారు?

గాజువాక గేమర్:
నేనైతే ఏ గేమ్ వేసినా ముందు మోషన్ బ్లర్ ఆఫ్ చేస్తా. స్పష్టంగా కనబడేదాన్ని డబ్బులిచ్చి మసక చేసుకోవడమేంటి గురూ?

లాసన్స్‌బే ఫ్రేమ్స్:
గేమ్‌లో శత్రువు ఎటున్నాడో తెలియాలి, అక్కడ ఆఫ్ చేయడం సబబే. చూసే వీడియో సంగతి వేరు. సెకనుకు 25 ఫ్రేములైతే షట్టర్ 1/50 ఉంచడం పాత సినిమా అలవాటు. ఆ కాస్త మసకే ఒక ఫ్రేమును తర్వాతిదానితో కలుపుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి రాత్రి బీచ్ రోడ్డు లైట్ల మిణుకు కూడా చాలావరకు తప్పుతుంది.

తర్వాత కలుపుకోవచ్చన్న మాట మాత్రం హెలికాప్టర్ దగ్గర చెల్లదు. నేవీ చేతక్ హెలికాప్టర్‌కి మూడు రెక్కలు, మధ్య దూరం 120 డిగ్రీలు. నిమిషానికి సుమారు 350 చుట్లు. ఒక ఫ్రేము నుంచి తర్వాతి ఫ్రేముకి రెక్క దాదాపు 85 డిగ్రీలు ముందుకు పోతుంది. ఈలోగా వెనకున్న రెక్క వచ్చి, ముందుది ఇంతకుముందున్న చోటుకి 35 డిగ్రీలు ఇవతల నిలబడుతుంది. మూడూ ఒకేలా ఉంటాయి కదా, దగ్గరున్నదే పాత రెక్క అనుకుని సాఫ్ట్‌వేర్ వెనక్కి తిరిగినట్టు బ్లర్ వేస్తుంది. లేదా అసలు పోల్చుకోలేక ఆకాశాన్ని చెరిపేస్తుంది. షట్టర్ తెరవని సమయాన్ని ఏ ప్లగిన్ తెస్తుంది?

మధురవాడ రెండర్:
యానిమేషన్‌లో ఆ చిక్కు లేదండీ. ఏ క్షణంలో ఏ వస్తువు ఎక్కడుందో కంప్యూటర్‌కి ముందే తెలుసు. షట్టర్ తెరిచున్నంతసేపట్లో వేర్వేరు క్షణాలకు కిరణాలు పంపి సగటు తీస్తుంది. 1984లో కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకులు కుక్, పోర్టర్, కార్పెంటర్ చూపించిన పద్ధతి ఇదే. కిరణాలు తగ్గిస్తే గింజలు గింజలుగా వస్తుంది, పెంచితే రెండర్ తెల్లవార్లూ. అందుకే మేమూ చాలాసార్లు ఏది ఎటు ఎంత కదిలిందో చెప్పే వేగాల లేయర్ విడిగా తీసి, లేయర్లన్నీ కలిపే కంపోజిటింగ్‌లోనే బ్లర్ వేస్తాం.

పీఎం పాలెం పేసర్:
నెట్స్‌లో బౌలింగ్ యాక్షన్ తీసేది నేను. 1/50లో తీస్తే మణికట్టు మాయం. నాకు 1/2000 కావాల్సిందే, అందం ఎవడిక్కావాలి!

ఎంవీపీ మొబైల్‌వాలా:
నేను చేత్తో పట్టుకునే తీస్తాను. మరి స్టెబిలైజేషన్?

లాసన్స్‌బే ఫ్రేమ్స్:
అది నిజమైన ఇబ్బందే. ఫ్రేము కదలకుండా సరిచేసినా, 1/50లో పడిన చేతి వణుకు మసక లోపలే ఉండిపోతుంది. బొమ్మ నిలకడగా ఉంటూనే ఉండుండి మసకేస్తుంది. నడుస్తూ తీసేవాళ్లు షట్టర్ వేగంగా పెట్టుకోవడమే మేలు. హెలికాప్టర్‌కి మాత్రం గోడకో రెయిలింగ్‌కో ఫోన్ ఆనించండి. ఎన్‌డీ 64 వెలుతురుని ఆరు స్టాపులు, అంటే ఆరుసార్లు సగానికి సగం, తగ్గిస్తుంది, 1/3000 కాస్తా 1/50 దగ్గరికొస్తుంది. తిప్పి నలుపు పెంచుకునే రకం ఫిల్టర్ చవగ్గా దొరుకుతుంది గానీ, మరీ తిప్పితే ఆకాశం మీద నల్లగా ఇంటూ గుర్తు పడుతుంది. షట్టర్ మీరే లాక్ చేసే యాప్ కూడా ఉండాలి.

ఎంవీపీ మొబైల్‌వాలా:
ఆ జనంలో రెయిలింగ్ దొరికితే కదండీ! సరే, ఎన్‌డీ 64 ఒకటి కొంటాను. బీచ్‌లో తిరుగుతూ తీసేవాటికి మాత్రం ఎడిటింగ్ బ్లరే, దానిమీద మీరు తిట్టినా సరే.