బూత్‌వారీ ఓట్ల లెక్క బయటపెట్టడం ఆపాలా? రూల్ మార్చాలా, వద్దా?

సిరాచుక్క:
మా ఊళ్లో రెండే బూతులు. ఒకటి హైస్కూల్లో, రెండోది కాలనీ పక్కనున్న ప్రాథమిక పాఠశాలలో. పోయిన ఎన్నికల కౌంటింగ్ రోజు మధ్యాహ్నానికే రెండు బూతుల లెక్కా ఒక సిగరెట్ పెట్టె అట్ట మీద ఊళ్లోకి వచ్చేసింది. గెలిచినాయనకి కాలనీ బూత్‌లో పడినవి 61. "ఆ వీధోళ్లు మనకి వెయ్యలేదు" అని సాయంత్రం అరుగు మీద తేల్చేశారు. మరుసటి ఏడాది వేసిన సీసీ రోడ్డు సరిగ్గా కాలనీ మొదట్లో ఆగిపోయింది. ఆగింది ఆ 61 వల్లేనని నేను నిరూపించలేను. కానీ ఊళ్లో ఎవర్నడిగినా అదే చెప్తారు. ఆ 61 మందికీ, వెయ్యని మిగతా వాళ్లకీ కలిపి ఒకటే రోడ్డు లేకుండా పోయింది.

నా ఓటు ఎవరికో అడిగే హక్కు ఎవరికీ లేదని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 94వ సెక్షన్ చెప్తుంది. పోలింగ్, కౌంటింగ్ పనిలో ఉన్నవాళ్లు రహస్యం బయటపెడితే 128వ సెక్షన్ కింద మూడు నెలల వరకు జైలు. బాగానే ఉంది. మరి ఫారం 20లో బూత్ బూత్‌కీ, అభ్యర్థి అభ్యర్థికీ ఎన్ని పడ్డాయో ఎన్నికల అధికారులే వెబ్‌సైట్‌లో పెడుతున్నారు కదా! మనిషి రహస్యం దాచి వీధి రహస్యం చాటింపు వేస్తే అది రహస్య ఓటింగ్ ఎలా అవుతుంది?

దీనికి మందు ఎప్పుడో తయారైంది. టోటలైజర్ అని ఒక యంత్రం. ఈవీఎంలలో ఓట్ల లెక్క ఉండే కంట్రోల్ యూనిట్లను 14 దానికి తగిలిస్తే అన్నిటిలోని ఓట్లు కలిపి ఒకే మొత్తం చూపిస్తుంది. ఎన్నికల కమిషన్ 2008లోనే దీన్ని ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో ఇచ్చిన 255వ నివేదికలో పెట్టాలనే చెప్పింది. పార్లమెంటులో బిల్లు కూడా అక్కర్లేదు, 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో నాలుగు లైన్లు మారిస్తే చాలు. మార్చాలా, వద్దా? మీ మాట చెప్పండి.

లెక్కలమాస్టారు:
వద్దు. బాధ అర్థమైంది గానీ మందు రోగం కంటే పెద్దదిగా ఉంది.

పోలింగ్ అయిపోగానే బూత్ బాధ్యత చూసే ప్రిసైడింగ్ ఆఫీసర్ ఫారం 17సి నింపి అభ్యర్థుల ఏజెంట్లకి కాపీ ఇస్తాడు. మొత్తం ఎన్ని ఓట్లు పడ్డాయి, ఏ నంబరు యంత్రంలో పడ్డాయి, అంతా అందులో ఉంటుంది. కౌంటింగ్ రోజు ఆ కాగితం పట్టుకుని కూర్చుంటే తేడా వచ్చినచోట పట్టుకోవచ్చు. మన దేశంలో మామూలు పార్టీ కార్యకర్త చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే. 14 యంత్రాలు కలిపేశాక తేడా ఎక్కడుందో వెతుక్కోవాలి, ఇసకలో సూది లాగా.

ఇంకోటి. రిగ్గింగ్ జరిగిందని ఎలా తెలుస్తుంది? పక్క బూతులన్నిట్లో 70 శాతం పడితే ఒక్కదాంట్లో 98 పడి, అందులోనూ ఒక్కడికే 97 వస్తే తెలుస్తుంది. బూత్‌వారీ అంకెలు దాచేస్తే ఆ దొంగని కూడా దాచినట్టే.

పాత పీవో:
నేను ఆరు ఎన్నికల్లో డ్యూటీ చేశాను, రెండు కౌంటింగులు చూశాను. మాస్టారు చెప్పిన 17సి ముచ్చటలో చిన్న సవరణ. అందులో ఏజెంటుకి ఆ రోజు దొరికేది మొదటి భాగం, మొత్తం ఓట్లు మాత్రమే. ఎవరికెన్ని అనేది రెండో భాగం, అది కౌంటింగ్ హాల్లో నింపేది. టోటలైజర్ పెట్టినా యంత్రాన్ని తగిలించే ముందు దాని మొత్తం, సీలు నంబరు, 17సి మొదటి భాగంతో సరిచూసుకోవచ్చు. దాన్నెవరూ ఆపట్లేదు. కలిసిపోయేది అభ్యర్థివారీ లెక్క ఒక్కటే.

కౌంటింగ్ హాలు చూడనివాళ్ల కోసం చెప్తున్నా. మామూలుగా 14 టేబుళ్లు. మధ్యలో జాలీ, జాలీకి ఇవతల ఏజెంట్లు. రిజల్ట్ బటన్ నొక్కితే కంట్రోల్ యూనిట్ చిన్న తెర మీద ఒక్కో అభ్యర్థి నంబరు, పక్కన అంకె వస్తుంది. అప్పటిదాకా ఆవులిస్తున్న ఏజెంటు తన ఊరి బూత్ నంబరు పిలవగానే లేచి జాలీకి ముక్కు ఆనించేస్తాడు. నియోజకవర్గం ఫలితం మీద కూడా అంత ఆత్రం ఉండదు. ఆ అంకె రాసుకుని మడిచి జేబులో పెట్టుకునేటప్పుడు వాళ్ల మొహాలు చూస్తే అది ఎందుకో అర్థమయ్యేది. మీ ఊరి అట్టముక్క కూడా అలా వచ్చిందే.

గట్టుమీద:
పార్టీలో బూత్ కన్వీనర్‌గా పదేళ్లు చేశాను. పేరు పెట్టను కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తా. మాకు బూత్ లెక్క కావాలి. ఎందుకో పెద్దమాటలు చెప్తారు, "వెనకబడ్డ చోట ఇంకా కష్టపడతాం" అని. కేంద్రం సుప్రీంకోర్టులో టోటలైజర్ వద్దన్నప్పుడు చెప్పిన వాదన కూడా దగ్గర దగ్గర అదే. ఏ ప్రాంతంలో తక్కువ వచ్చాయో తెలిస్తే అక్కడ పని చేస్తారట.

అసలు సంగతి నేను చెప్తా. లీడ్ తెచ్చినవాడికి పదవి. రెండోది డబ్బు. పంచిన చోట లీడ్ రాకపోతే మర్నాడు పంచినవాడి మెడ మీద కూర్చుంటారు, వాడు వెళ్లి వీధి మీద పడతాడు. బూత్ లెక్క లేకపోతే పంచిన డబ్బుకి రసీదు లేనట్టే. అందుకే ఏ పార్టీ దీని కోసం గొంతు చించుకోదు. ఇందులో మాది, వాళ్లది అని తేడా లేదు.

లెక్కలమాస్టారు:
@గట్టుమీద, నిజం చెప్పినందుకు దండం. కానీ తమ్ముడూ, వీధిలో ఎవరు ఎటో లెక్క రాకముందే మీకు తెలుసు కదా? ఓటరు జాబితా ముందేసుకుని పేరు పక్కన టిక్కులు పెట్టేది మీరే కదా? ఫారం 20 తీసేస్తే ఆ టిక్కులు పోతాయా?

గట్టుమీద:
పోవు మాస్టారూ. కానీ టిక్కు అంటే మా అంచనా. సగం తప్పుతుంది. ఇంటికెళ్తే అందరూ "మీకే" అంటారు. ఆ అబద్ధం చెప్పే వీలే కదా రహస్య ఓటు అంటే! ఫారం 20 వచ్చాక ఆ వీలు పోతుంది. 300 మంది "మీకే" అన్నచోట 61 వస్తే 239 మంది అబద్ధమాడారని లెక్క తేలిపోయినట్టే. ఎవరో తెలియకపోతే అందరూ అన్నట్టే.

వకీలు_సుబ్బు:
చట్టం వైపు నుంచి రెండు ముక్కలు.

కలిపి లెక్కపెట్టడం మనకి కొత్త కాదు. అవే 1961 నియమాల్లో 59ఎ అని ఉంది. ఓటర్లని బెదిరించే, వాళ్ల మీద కక్ష తీర్చుకునే ప్రమాదం ఉందని కమిషన్ అనుకుంటే బ్యాలెట్ పత్రాలన్నీ కలిపేసి లెక్కించమనవచ్చు. ఇప్పటికీ పట్టభద్రుల ఎమ్మెల్సీ కౌంటింగ్‌లో చూడండి, 25 చొప్పున కట్టలు కట్టి డ్రమ్ములో వేసి తిప్పుతారు. ఏ మండలం వాళ్లు ఎవరికి వేశారో ఎవరికీ తెలియదు. అక్కడ ప్రజాస్వామ్యం ఏమీ కూలిపోలేదు. కాగితం పోయి ఈవీఎం వచ్చాక ఈ రక్షణ చెప్పాపెట్టకుండా జారిపోయింది. 2004 లోక్‌సభ ఎన్నికలు దేశమంతా ఈవీఎంలతోనే జరిగాయి. డ్రమ్ము మూలకెళ్లింది, యంత్రానికి డ్రమ్ము మాత్రం రాలేదు. కాబట్టి సిరాచుక్క గారు అడుగుతున్నది కొత్త హక్కు కాదు, పోయినదాన్ని తిరిగి ఇవ్వమని.

రెండోది పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు. నోటా వచ్చింది దాంతోనే. అంతకుముందు ఎవరికీ వెయ్యనంటే 49-ఓ నియమం కింద రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాలి, గదిలో ఉన్న ఏజెంట్లందరూ చూస్తారు. ఓటు వెయ్యకపోవడం కూడా రహస్యమేనని కోర్టు అంది. వెయ్యనివాడికే అంత రక్షణ ఉంటే వేసినవాడికి?

కొత్తఓటు:
నాదొక చిన్న డౌట్. అరుణాచల్ అంజా జిల్లా మాలోగాంలో ఒకే ఒక్క ఓటరు కోసం బూత్ పెడతారు, సిబ్బంది కొండలెక్కి నడిచి వెళ్తారని ఫొటోలు వేసి పొగుడుతారు కదా. గుజరాత్ గిర్ అడవిలో బాణేజ్ కూడా అంతే. ఆ బూత్ లెక్క విడిగా రాస్తే ఆ మనిషి ఎవరికి వేశారో దేశం మొత్తానికి తెలిసినట్టే కదా?? 94వ సెక్షన్ అక్కడ ఏమైంది?

పాత పీవో:
మంచి ప్రశ్న అమ్మా. అది చివరి అంచు. కానీ మధ్యలో 40, 70, 110 ఓట్ల బూతులు తండాల్లో, గూడేల్లో చాలా ఉంటాయి. పైగా 2025లో బూత్‌కి గరిష్ఠంగా 1500 మంది అన్న పరిమితిని 1200కి తగ్గించారు. క్యూ తగ్గుతుంది, ముసలివాళ్లకి సుఖం, నేనూ సంతోషించా. కానీ బూత్ చిన్నదయ్యేకొద్దీ లోపలున్న మనిషి ఎటు వేశాడో బయటపడిపోతుంది. దాని గురించి మాత్రం ఒక్కరూ మాట్లాడలేదు.

తుంగభద్ర:
అందరూ రహస్యం అంటున్నారు, జాగ్రత్త. ఈ మాట అడ్డం పెట్టుకునే 2024 డిసెంబర్‌లో అవే 1961 నియమాల్లో 93వది మార్చారు. అంతకుముందు ఎన్నికకి సంబంధించిన మిగతా పత్రాలన్నీ ఎవరైనా చూడవచ్చు అని ఉండేది. ఇప్పుడు "ఈ నియమాల్లో పేర్కొన్న" పత్రాలు మాత్రమే. చూడ్డానికి రెండు మూడు పదాలు. దాంతో పోలింగ్ కేంద్రం సీసీటీవీ ఫుటేజీ చేతికి రాకుండా పోయింది. ఎందుకయ్యా అంటే ఓటరు గోప్యత. రేపు టోటలైజర్ కూడా అలాగే వస్తుంది. ముందు బూత్ లెక్క దాస్తారు, తర్వాత మొత్తం లెక్క అడిగినా గోప్యత అంటారు.

సిరాచుక్క:
@తుంగభద్ర గారూ, నన్ను మండించేది కూడా సరిగ్గా అదే. ఎవరు బూత్‌కి వచ్చారో, ఎవరు రాలేదో చూపించే వీడియోకి గోప్యత కావాలట. వీధి మొత్తం ఎటు వేసిందో చెప్పే ఫారం 20కి మాత్రం అక్కర్లేదట. 2019లో బీజేపీ నాయకురాలు మేనకా గాంధీ ఎన్నికల సభలోనే చెప్పారు గుర్తుందా, తమకి 80 శాతం ఓట్లు వేసిన ఊరు ఏ, 60 అయితే బి, 50 అయితే సి, ఇంకా తగ్గితే డి, పనులు ఆ వరసలో అని. ఆ గ్రేడు వెయ్యడానికి వీడియో కావాలా? బూత్ లెక్క చాలు. ఆవిడ మైకులో అన్నారు కాబట్టి గొడవైంది. మైకులేకుండా ఎంతమంది అదే చేస్తున్నారో!

అయినా మాస్టారి భయాన్ని కొట్టిపారెయ్యను. రిగ్గింగ్ పట్టుకోవాలంటే బూత్ అంకె ఉండాల్సిందే. కాబట్టి చెరిపెయ్యొద్దు, తాళం వేద్దాం. ఒక్కో యంత్రంలో మొత్తం ఎన్ని పడ్డాయో ఇప్పటిలాగే ప్రకటించండి, 98 శాతం పోలైన బూత్ అక్కడే దొరికిపోతుంది. అభ్యర్థివారీ లెక్క మాత్రం 14 బూతులకి కలిపి ఇవ్వండి. యంత్రాలు సీలులో ఉంటాయి. ఎన్నికల పిటిషన్ వెయ్యడానికి ఎలాగూ 45 రోజుల గడువుంది, హైకోర్టు అడిగితే విడివిడిగా తెరవండి.

వకీలు_సుబ్బు:
రాయడం కష్టం కాదు. ఒక్కటి మర్చిపోకండి, అసెంబ్లీ నియోజకవర్గానికి ఐదు బూతుల వీవీప్యాట్ చీటీలు, అంటే ఓటు ఎవరికి పడిందో యంత్రం అచ్చువేసే చీటీలు, ఈవీఎం లెక్కతో సరిచూస్తున్నారు. 2019 ఏప్రిల్‌లో చంద్రబాబునాయుడు తదితరులు వేసిన కేసులో ఒకటిని ఐదు చేసింది సుప్రీంకోర్టు. ఆ ఐదూ విడిగా లెక్కపెడితే లాటరీలో తగిలిన ఊళ్ల గుట్టు రట్టే. ఐదు యంత్రాలూ కలిపి, ఐదు డబ్బాల చీటీలూ కలిపి సరిచూడాలి.

లెక్కలమాస్టారు:
కొంచెం మెత్తబడ్డాను, ఒప్పుకుంటా. కానీ ఆ 45 రోజుల తాళం దగ్గరే ఆగిపోయా. రీకౌంటింగ్ అడగాలంటే రిటర్నింగ్ ఆఫీసర్ (ఆర్వో) ఫలితం ప్రకటించే లోపే అడగాలి. 200 ఓట్ల తేడాతో ఓడిపోతున్నాను అనుకోండి. బయట టపాకాయలు మొదలైపోయాయి. ఆ అరగంటలో నాకు అనుమానం ఉన్నది ఒక్క బూత్ మీద. దాని అంకె నాకు కనపడదు. కోర్టుకి పొమ్మంటారా? పదవీకాలం అయ్యాక తీర్పు వచ్చిన కేసులు మీకు తెలియవా?

పాత పీవో:
వీవీప్యాట్ చీటీలు లెక్కపెట్టమని అభ్యర్థి ఆర్వోని అడగవచ్చు, అవే నియమాల్లో 56డి ఉంది. ఆర్వో ఒప్పుకోవాలి, అది వేరే గొడవ. ఒప్పుకుంటే ఆ 14 బూతుల చీటీలూ ఒకే డ్రమ్ములో పోసి లెక్కపెట్టించండి. మీ అనుమానం తీరుతుంది, ఊరి గుట్టూ దక్కుతుంది.

లెక్కలమాస్టారు:
14 బూతులంటే పది వేల పైచిలుకు చీటీలు సార్. థర్మల్ కాగితం, చుట్టుకుపోతూ ఉంటుంది. తెల్లారిపోతుంది.

పాత పీవో:
నాకు తెలుసు మాస్టారూ, ఐదు బూతులకే నడుం పడిపోయింది. తెల్లారనీండి.