గోడలోని చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవడం ఎలా?

కాకినాడలో మాది 22 ఏళ్ల నాటి ఇటుక ఇల్లు. స్నానాల గదికి ఆనుకున్న పడకగది గోడకు నేల నుంచి రెండడుగుల మేర రంగు బుడగలు కట్టింది. వేలితో నొక్కితే పుట్టీ పిండిలా రాలుతోంది, వెనక తెల్లటి ఉప్పు పొర. గోడకు పాలిథిన్ కాగితం నాలుగు వైపులా టేపుతో అంటించి 2 రోజులు ఉంచితే, గోడ వైపే నీటి బొట్లు పట్టాయి. కాబట్టి ఇది గాలిలోని తేమ కాదు. కుళాయిలన్నీ కట్టేసి రాత్రంతా చూసినా ట్యాంకులో నీరు తగ్గలేదు.

వాటర్‌ప్రూఫ్ రంగు వేస్తే చాలని మేస్త్రి అంటున్నారు. తడి లోపలే చిక్కుకుని మళ్లీ పెచ్చులూడుతుందని నా భయం. అమ్మ పడుకునేది ఆ గదిలోనే, ఆమెకు ఉబ్బసం.

ఇది పునాది నుంచి పైకెక్కే చెమ్మా, టైల్స్ సందుల్లోంచి దిగే నీరా? గోడ పగలగొట్టకుండా తేల్చుకునే మార్గం తెలిసినవారు దయచేసి చెప్పండి.